మూడో రౌండ్‌లో లేవని కాళ్లు: రాజోలు దీవి నుంచి ఒక 1600 మీటర్ల కేస్ స్టడీ

కేసు

వయసు 19. ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 57 కిలోలు. ఇంటర్ అయ్యాక ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాడు. ఊరు కోనసీమలోని రాజోలు దీవిలో. తండ్రి కౌలుకి చేస్తున్న రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఇతనిదే. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం.

అతను చెప్పిన బాధ ఒక్కటే: "రెండు రౌండ్లు బానే వెళ్తున్నానండి. మూడో రౌండ్ సగానికొచ్చేసరికి కాళ్లు లెగవట్లేదు. ఆయాసం కాదండి, కాళ్లే."

1600 మీటర్ల పరుగులో ర్యాలీ కుర్రాళ్లంతా ఏళ్లుగా, ఎక్కువ మార్కులొచ్చే మొదటి గ్రూపు హద్దుగా పెట్టుకునే 5 నిమిషాల 30 సెకన్లే ఇతని లక్ష్యం కూడా. (హద్దులు, మార్కులు నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంటాయి. పాత లెక్క నమ్ముకోకుండా చూసుకోవాలి.) తన సొంత టైమింగ్ 5:40 అని చెప్పాడు. పది సెకన్లు తగ్గితే చాలనీ, ఒంట్లో శక్తి చాలకే ఆ పది సెకన్లు రావట్లేదనీ అతని నమ్మకం. అందుకే పరుగుకి ముందు గ్లూకోజ్ పొడి కలుపుకుని తాగుతున్నాడు. గ్రౌండ్‌లో సీనియర్ల సలహా ఇంకోటి: దమ్ము చాలట్లేదు, ఇంకా గట్టిగా కొట్టు. అదీ చేస్తున్నాడు. వారానికి తొమ్మిది ప్రాక్టీసులు, తొమ్మిదీ ఊపిరాడనంత గట్టిగా.

పరుగుకి ముందు చూసినవి

గడియారం పట్టేముందు నాలుగు ప్రశ్నలు తప్పనిసరి. పరుగులో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డావా? ఛాతీలో నొప్పి వచ్చిందా? ఆగాక పిల్లికూతలు, దగ్గు వస్తున్నాయా? ఇంట్లో యాభై లోపు ఎవరైనా ఉన్నట్టుండి పోయారా? నాలుగింటికీ లేదనే జవాబు వచ్చింది. బీపీ, ఈసీజీ మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 13.9. రక్తం తక్కువై కాళ్లు బరువెక్కే కేసులు చాలానే ఉంటాయి, ముఖ్యంగా ఆడపిల్లల్లో. ఇతనిది అది కాదని తేలింది. నిద్ర లేచాక మంచం దిగకుండా లెక్కపెట్టిన నాడి నిమిషానికి 66.

గ్రౌండ్ కొలత

ఇక్కడే మొదటి చిక్కు బయటపడింది. హైస్కూల్ గ్రౌండ్‌లో కుర్రాళ్లు తొక్కి తొక్కి చేసిన దారే ట్రాక్. దాన్ని అందరూ 400 మీటర్లే అంటారు. 30 మీటర్ల టేపుతో, లోపలి అంచు నుంచి జానెడున్నర బయటికి జరిగి, అంటే సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, వంపుల దగ్గర మూడేసి మీటర్లకు ఒక పుల్ల గుచ్చుకుంటూ కొలిస్తే వచ్చింది 368 మీటర్లు. నాలుగు రౌండ్లంటే 1472. అంటే కుర్రాడు 1600కి 128 మీటర్లు తక్కువ పరుగెత్తి 5:40 అనుకుంటున్నాడు. అదే వేగంతో మిగతా 128 కూడా పరుగెత్తితే 6:10 దగ్గరికి వస్తుంది. తగ్గించాల్సింది పది సెకన్లు కాదు, నలభై.

సరైన ట్రాక్ లేనిచోట దీనికి మందు సులువే. ముగింపు గీతకు 128 మీటర్లు వెనక్కి ప్రారంభ గీత గీశాం. ప్రారంభం నుంచి 32, 64, 96 మీటర్ల దగ్గర ఒక్కో కొబ్బరి మట్ట పాతాం. మొదటి రౌండ్ తిరిగొచ్చి 32 మీటర్ల మట్ట దాటితే 400, రెండో రౌండ్ తర్వాత 64 దాటితే 800, మూడో రౌండ్ తర్వాత 96 దాటితే 1200. ప్రతి 400కీ టైము పట్టుకోవచ్చు.

ఇంకో కొలత కూడా కుర్రాళ్లకు చెప్పి తీరాలి. వంపుల్లో లోపలి గీత నుంచి ఒక్క మీటరు బయటికి జరిగి పరుగెడితే రౌండ్‌కి 6 మీటర్ల పైచిలుకు అదనం. నాలుగు రౌండ్లకు 25 మీటర్లు. 5:30 వేగంలో అది ఐదు సెకన్లు. గుంపును దాటబోయి వంపులోనే బయటికి వెళ్లేవాడు ఆ ఐదు సెకన్లు ఊరికే పోగొట్టుకుంటాడు. దాటడమంటూ ఉంటే అది తిన్నటి దారిలోనే.

మొదటి పరీక్ష

తెల్లవారి 5:30కి, అతను రోజూ చేసే పద్ధతిలోనే పరుగెత్తమన్నాం. 400కోసారి పట్టిన టైములు: 73, 93, 108, 100 సెకన్లు. మొత్తం 6:14. ఛాతీకి కట్టిన బెల్టులో చివరి గుండె వేగం 196.

ఈ నాలుగు అంకెలు చూస్తే సగం నిర్ధారణ అయిపోయినట్టే. 5:30 కావాలంటే ప్రతి 400కీ పడాల్సింది 82.5 సెకన్లు. ఇతను మొదటిది దానికంటే తొమ్మిదిన్నర సెకన్లు ముందే ముగించాడు. మూడోది పాతిక సెకన్లు ఆలస్యం.

రక్తంలో చక్కెర కూడా అదే ఉదయం వేలి చుక్కతో చూశాం. లేవగానే, పరగడుపున 88. తర్వాత రోజూలాగే అర లీటరు నీళ్లలో 50 గ్రాముల గ్లూకోజ్ కలిపి తాగాడు. పాతిక నిమిషాలకు 141. వార్మప్ అనబడే రెండు రౌండ్ల జాగింగ్ తర్వాత 64, చేతుల్లో సన్నగా వణుకు, చెమట. పరుగు అయిన రెండు నిమిషాలకు 118.

చివరి రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. పరుగుకి అరగంట ముందు ఒకేసారి అంత తీపి తాగితే ఇన్సులిన్ ఎగుస్తుంది. అదే సమయంలో కండలు కూడా రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కోవడం మొదలుపెడతాయి. రెండూ కలిసి చక్కెరను కిందికి లాగేస్తాయి. చాలామందికి ఇది పెద్దగా తెలీకుండానే సర్దుకుంటుంది. కొందరికి ఇతనిలా వణుకు వస్తుంది. అది చూసి శక్తి చాలట్లేదనుకుని మర్నాడు ఇంకో చెంచా ఎక్కువ వేసుకుంటారు. అసలు పరుగు మొదలయ్యాక అడ్రినలిన్ కాలేయాన్ని కదిపింది, కాలేయం గ్లూకోజ్ వదిలింది. కాళ్లు లేవని ఆ చివరి రౌండ్ పూర్తయ్యేసరికి రక్తంలో చక్కెర తగ్గలేదు, పెరిగి ఉంది. పైగా 50 గ్రాములు అర లీటరులో అంటే పది శాతం ద్రావణం. 8 శాతం దాటిన తీపి నీళ్లు కడుపులోంచి నెమ్మదిగా దిగుతాయి. పరుగులో పక్కలో పోటు వస్తోందని అతను విడిగా చెప్పిన బాధకు ఇదీ ఒక కారణమే.

ఇంధనం లెక్క

మనిషి పరుగెత్తితే కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కిలోకేలరీ ఖర్చు. 57 కిలోలు, 1.6 కిలోమీటర్లు అంటే 90 కిలోకేలరీల చిల్లర. అంతా పిండిపదార్థంతోనే, ఆక్సిజన్‌తోనే కాలిందనుకుంటే 25 గ్రాముల లోపు. ఆక్సిజన్ అందని వాటా, కండలో దాచుకున్న పిండిపదార్థమైన గ్లైకోజెన్‌ను దుబారాగా వాడుతుంది. గ్లైకోజెన్‌లోని ఒక గ్లూకోజ్ పూర్తిగా కాలకుండా లాక్టేట్ దగ్గరే ఆగిపోతే చేతికొచ్చేది మూడు ఏటీపీలు (కండ ఖర్చుపెట్టే శక్తి నాణేలు), పూర్తిగా కాలితే ముప్పై పైన. ఆ దుబారా కలుపుకున్నా ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడి కండల్లో దాచి ఉండే మూడు, నాలుగు వందల గ్రాముల్లో అది కొంత భాగమే. కాలేయంలో ఉండే వంద గ్రాములు వేరు. మారథాన్‌లో ముప్పై కిలోమీటర్ల దగ్గర ఇంధనం అయిపోయి కూలబడటం నిజం. ఆరు నిమిషాల పరుగులో అది జరగదు. చెరువు నిండా నీళ్లున్నాయి, తూము చిన్నది.

ఆ తూము ఏమిటంటే, నిమిషానికి ఎంత ఆక్సిజన్‌ను గుండె పంపగలదు, కండలోని మైటోకాండ్రియా (శక్తి తయారయ్యే చిన్న గూళ్లు) ఎంత వాడుకోగలదు అన్నది. ఐదారు నిమిషాల పరుగులో మొత్తం శక్తిలో సుమారు 80 శాతం ఆక్సిజన్ దారిలోనే వస్తుంది. మిగతా 20 శాతమే అప్పు. ఆ అప్పుకు పరిమితి ఉంది.

మొదటి పది సెకన్లు కండలో ఉన్న ఏటీపీ, దాన్ని వెంటవెంటనే నింపే ఫాస్ఫోక్రియేటిన్ నడిపిస్తాయి. 1927లో శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఈ ఫాస్ఫోక్రియేటిన్‌ను కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. గోదావరి దాటితే భీమవరం. ఈ కుర్రాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలీదు, జిమ్‌లో అమ్మే క్రియేటిన్ డబ్బా ధర మాత్రం తెలుసు. ఆ తర్వాత గ్లైకోలైసిస్, అంటే ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను విరగ్గొట్టే దారి, అందుకుంటుంది. ఆక్సిజన్ వాడకం మాత్రం వెంటనే ఎగబాకదు. గట్టి వేగంలో పూర్తిగా అందుకోవడానికి నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో ఎంత వేగంగా వెళ్తే అంత లోటు.

73 సెకన్లలో 400 అంటే సెకనుకు దాదాపు ఐదున్నర మీటర్లు. ఆక్సిజన్ దారి ఇంకా తెరుచుకుంటున్నప్పుడే అంత వేగం. ఆ లోటంతా గ్లైకోలైసిస్ మీద పడింది. కండలో హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్ పేరుకున్నాయి, పొటాషియం బయటికి జారింది. కండ బిగిసే బలమే తగ్గింది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కాలు లేవదు. అతను చెప్పిన మాట అక్షరాలా నిజం: ఆయాసం కాదు, కాళ్లే.

లాక్టేట్‌ను మాత్రం దోషిని చెయ్యకూడదు. అది కూడా ఇంధనమే. పక్క కండలు, గుండె దాన్ని కాల్చుకుంటాయి. పరుగు ఆపిన గంటకల్లా రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు, ఎల్లుండి ఉండే పిక్కల నొప్పి లాక్టేట్ వల్ల కాదు, అలవాటు లేని బరువు పడ్డ కండ నారల చిన్న చిన్న గాయాల వల్ల. ఆ నొప్పికి గ్లూకోజ్ తాగడం వృథా.

అయితే తిండి గొడవే లేదా?

ఉంది. పరుగులో కాదు, మిగతా రోజంతా. మూడు రోజుల తిండి రాయించాం. ఉదయం 4:30కి టీ, తర్వాత గ్లూకోజ్, 5 నుంచి 6:15 దాకా ప్రాక్టీస్. తర్వాత చెరువు దగ్గరికి వెళ్లి మేత వేసి, చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే పళ్లేలు) చూసి వచ్చేసరికి పది. అప్పుడు నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం రెండింటికి అన్నం, సాయంత్రం మళ్లీ ప్రాక్టీస్, రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం. అన్నం రెండు పూటలూ కలిపి, వండాక తూచితే 600 గ్రాములు. పిండిపదార్థం మొత్తం 275 గ్రాముల దగ్గర, అంటే కిలో బరువుకి 5 గ్రాముల లోపు. ప్రొటీన్ 50 గ్రాముల లోపు. వారానికి తొమ్మిది గట్టి ప్రాక్టీసులు, చెరువు పని చేసేవాడికి ఇది చాలదు. రొయ్యల చెరువున్న ఇంట్లో రొయ్య తినేది తక్కువ, అమ్మేదే ఎక్కువ. ఇంట్లో వాళ్లని తప్పు పట్టడానికేమీ లేదు, కిలో రేటు అలా ఉంటుంది.

అసలు నష్టం వ్యవధిలో ఉంది. ప్రాక్టీస్ అయ్యాక మొదటి రెండు గంటల్లో కండ గ్లైకోజెన్‌ను వేగంగా నింపుకుంటుంది. ఇతను ఆ రెండు గంటలూ, ఆపై ఇంకో రెండు గంటలూ ఖాళీ కడుపుతో ఉన్నాడు. పూర్తిగా నిండాలంటే సరిపడా తిన్నా దాదాపు ఇరవై నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం మళ్లీ తోడేస్తున్నాడు. అలా వారం తిరిగేసరికి ప్రాక్టీసులన్నీ సగం నిల్వ మీదే. ప్రతి ప్రాక్టీసూ కష్టంగా ఉంటుంది, ఏదీ సరిపడా వేగంగా ఉండదు. తూము పెంచే పని జరగాల్సిన చోట జరగట్లేదు.

చేసిన మార్పులు: తిండి

గ్లూకోజ్ పొడి ఆ రోజే ఆపాం. 4:40కి ఒక కర్పూరం అరటిపండు, అర గ్లాసు నీళ్లు. నెమ్మది పరుగు రోజైతే టీ ఒక్కటే తాగి వెళ్లినా ఇబ్బంది లేదు.

6:30 కల్లా, గ్రౌండ్ నుంచి ఇంటికి రాగానే, చద్దన్నం 250 గ్రాములు, పెరుగు 150 గ్రాములు, ఉప్పు, ఉల్లిపాయ, రెండు ఉడికిన గుడ్లు. పిండిపదార్థం 70 గ్రాముల పైన, అంటే కిలోకి 1.2 గ్రాములు, ప్రొటీన్ 23 గ్రాముల దగ్గర. ప్రాక్టీస్ తర్వాత పూటకు కావలసింది దాదాపు ఇంతే. రెండు వేల రూపాయల ప్రొటీన్ పొడి డబ్బా ఇచ్చేది దీనికంటే గొప్పదేం కాదు. రాత్రి గంజిలో నానిన అన్నం నీళ్లు, ఉప్పు కూడా ఇస్తుంది, ఉక్కపోత ఊళ్లో అది అదనపు లాభం. చద్దన్నం రాత్రంతా బయట ఉంచేటప్పుడు నీళ్లు పోసి మూతపెట్టిన శుభ్రమైన గిన్నెలోనే ఉంచాలి, ఉదయమే తినేయాలి. వాసన తేడాగా ఉంటే పారెయ్యడమే.

పది గంటల టిఫిన్ అలాగే ఉంచాం, ఇడ్లీ బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు. మధ్యాహ్నం అన్నం 350 గ్రాములకు పెంచి, పప్పు గట్టిగా, చేప ముక్కలు వంద గ్రాములు. నాలుగింటికి రెండు అరటిపండ్లు, ఒక వేరుశెనగ ఉండ. రాత్రి అన్నం 300 గ్రాములు, కానీ ఎనిమిదింటికే. గట్టి ప్రాక్టీసున్న రోజు మొత్తం 390 నుంచి 400 గ్రాములు, కిలోకి 7 దగ్గర. నెమ్మది రోజుల్లో సాయంత్రం పండ్లు, కొంత అన్నం తగ్గిస్తే 5, 5.5 దగ్గర ఆగుతుంది. ప్రొటీన్ 85 గ్రాములు, కిలోకి 1.5.

అన్నం మానేసి కొవ్వు మీద పరుగెత్తాలా అని ఈ మధ్య ప్రతి గ్రౌండ్‌లోనూ అడుగుతున్నారు. లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం కాలిస్తే వచ్చేది 5 కిలోకేలరీలు, కొవ్వు కాలిస్తే 4.7. ఆక్సిజన్ అందకే ఆగిపోయే పరుగులో ఆ తేడా తెలిసి తెలిసి వదులుకోకూడదు. అన్నం మానేసే డైట్‌కి 1600 మీటర్లలో చోటు లేదు.

నీళ్లు, ఉప్పు

మే నెల తెల్లవారుజామున కూడా దీవిలో గాలి తడిగా, ఉక్కగా ఉంటుంది. చెమట కారుతుంది కానీ ఆరదు. ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడక చర్మానికి రక్తం ఎక్కువ మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఇంకో పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. గంట ప్రాక్టీసుకి ముందూ తర్వాతా, ఒళ్లు తుడుచుకుని లోదుస్తులతో తూచాం: 57.2 నుంచి 56.1. మధ్యలో తాగింది 300 మి.లీ. అంటే గంటకు 1.4 లీటర్ల చెమట.

అతను దీనికి రెండు కొబ్బరిబోండాలు తాగుతున్నాడు. కోనసీమలో బోండాం మీద మాట పడనివ్వరు, కానీ దానిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, లీటరుకు సుమారు ఒక గ్రాము, మనిషిని బట్టి సగమూ ఉంటుంది, రెట్టింపూ ఉంటుంది. ఒక గ్రాము సోడియమంటే రెండున్నర గ్రాముల ఉప్పు, అర చెంచా. అందుకని బోండాం ఉంచి, దానితో పాటు రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ చేర్చాం. తగ్గిన ప్రతి కిలోకీ 1.25 నుంచి 1.5 లీటర్లు, రెండు మూడు గంటల్లో విడతలుగా. వాంతులో విరేచనాలో ఉన్న రోజున పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకే కలపాలి, గ్లాసులో కాదు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగేవాళ్లకు సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. అది వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టించడం ప్రమాదం.

చేసిన మార్పులు: పరుగు

రెండో వారంలో ఒక పరీక్ష పెట్టాం. ఇంకా కండ మారే వ్యవధి లేదు. మార్చింది గ్లూకోజ్ మానడం, ఉదయం తిండి, మొదటి 400ని 90 సెకన్ల దగ్గర పట్టి ఉంచడం. టైములు 90, 92, 94, 88, మొత్తం 6:04. కొత్త దమ్ము ఏమీ రాకుండానే పది సెకన్లు తగ్గాయి. మొదటి 400లో అతని మొహం చూడాలి. వెనకబడిపోతున్నానన్న కంగారు. అందరూ ముందుకెళ్లిపోతుంటే ఆగగలగడం కూడా నేర్చుకోవాల్సిన పనే.

మొదటి మూడు వారాలు వారానికి ఐదు పరుగులే. మూడు నెమ్మది పరుగులు, 30 నుంచి 40 నిమిషాలు, గుండె 145 దాటకుండా, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ. ఆ వేగం కిలోమీటరుకి 7 నిమిషాలు వచ్చింది. కాలవ గట్టు మీద వాకింగ్‌కి వచ్చే పెద్దాళ్లు, "ఏం బాబూ, ఒంట్లో బాలేదా?" అని అడిగారట. సిగ్గుపడి వేగం పెంచేశాడు, బెల్టు చూపించి తగ్గించాల్సి వచ్చింది. ఈ నెమ్మది పరుగుల్లోనే గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం పెరుగుతుంది, కండలో కేశనాళికలు, మైటోకాండ్రియా పెరుగుతాయి. రక్తంలో ప్లాస్మా మొదటి వారం, రెండు వారాల్లోనే పెరుగుతుంది, మిగతావాటికి వారాలు కావాలి. నాలుగో రోజు 80 మీటర్ల వేగపు పరుగులు ఆరు, మధ్యలో పూర్తి విశ్రాంతి. ఐదో రోజు ఎత్తు పరుగు. డెల్టాలో కొండల్లేవు, ఎత్తు కావాలంటే కాలవ వంతెన ఎక్కుడే దిక్కు. అంతర్వేది ఇసుకలో పరుగు వద్దన్నాం, పిక్కలు పట్టేస్తే వారం పోతుంది.

నాలుగు నుంచి ఏడో వారం దాకా మంగళవారం 800 మీటర్లు నాలుగు సార్లు, ఒక్కోటి 3:15 నుంచి 3:20, మధ్యలో రెండున్నర నిమిషాల నడక జాగింగ్. ఆక్సిజన్ వాడకాన్ని పైకప్పు దగ్గరికి తీసుకెళ్లి అక్కడ నిలబెట్టే ప్రాక్టీస్ ఇదే. మొదటి 800ని 2:55కి కొట్టి చివరిది 3:40కి పడేస్తే ఆ లాభం రాదు. నాలుగూ ఒకేలా రావాలి. శుక్రవారం 20 నిమిషాలు, రెండు మూడు మాటలు మాత్రమే పలకగలిగే వేగంలో.

ఎనిమిది నుంచి పదకొండు దాకా మంగళవారం 400 మీటర్లు ఆరు సార్లు, 82, 83 సెకన్లకు, మూడేసి నిమిషాల విశ్రాంతితో. కాళ్లకు ఆ వేగం అలవాటు కావాలి, గడియారం చూడకుండానే తెలియాలి. చివరి వారం పరుగు దూరం సగానికి తగ్గించాం, వేగం మాత్రం తగ్గించలేదు.

వార్మప్ కూడా మార్చాం. రెండు రౌండ్ల జాగింగ్ చాలదు. పది నిమిషాల జాగింగ్, కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తడం, 60 మీటర్ల వేగపు పరుగులు నాలుగు, అసలు వేగంలో ఒక 200. అది పూర్తయ్యాక ఎనిమిది, పది నిమిషాలు ఆగి మొదలెట్టాలి. ముందే వేడెక్కిన కండ ఆక్సిజన్‌ను త్వరగా అందుకుంటుంది, మొదటి నిమిషం అప్పు తగ్గుతుంది. ర్యాలీలో గంటల తరబడి కూర్చోబెడతారు, ఇంత చోటు దొరకదు. అప్పుడు నిలుచున్నచోటే మోకాళ్లు ఎత్తడం, గుంజీలు నెమ్మదిగా పదేసి, చిన్న గెంతులు. పిలుపు వచ్చేదాకా ఐదు నిమిషాలకోసారి.

ఐదో వారం

అంతా సాగుతుండగా ఐదో వారంలో 800లు ఒక్కోటి 8 సెకన్ల చొప్పున ఆలస్యమయ్యాయి. ఉదయం నాడి 62కి దిగినది 71కి ఎక్కింది. ఇంట్లో దిష్టి తీశారు. అసలు సంగతి చెరువు పట్టుబడి, అంటే అమ్మకానికి రొయ్యలు పట్టే రోజులు: వరసగా రాత్రుళ్లు నిద్ర మూడు గంటలు, ఐస్ పెట్టెలు మోయడం, తిండి వేళలు తప్పడం. నిద్ర మానేసిన శరీరం ప్రాక్టీసును లాభంగా మార్చుకోలేదు, భారంగానే మోస్తుంది. పైగా ఆ మంగళవారం పక్క కుర్రాడిచ్చిన ప్రీ-వర్కౌట్ పొడి తాగి వచ్చాడు. గుండె దడ, విరేచనం. డబ్బా మీద చూస్తే ఒక్క స్కూపులోనే కెఫీన్ 300 మిల్లీగ్రాములు. ఇతని బరువుకి కిలోకి 5 మిల్లీగ్రాముల పైన, నిద్రలేని ఒంటి మీద.

ఆ వారం గట్టి ప్రాక్టీసులు రెండూ తీసేశాం. మూడు నెమ్మది పరుగులు, 25 నిమిషాల చొప్పున, అంతే. కాపలా వంతు తండ్రితో మాట్లాడి వారంలో మూడు రాత్రులకు తగ్గించాం, మధ్యాహ్నం గంటన్నర పడుకోమన్నాం. పది రోజులకు నాడి 62కి వచ్చింది. అలాంటి వారం వస్తే ఇకపై నియమం ఒక్కటే: లేచినప్పటి నాడి వరసగా రెండు రోజులు మామూలు కంటే 7, 8 ఎక్కువుంటే గట్టి ప్రాక్టీస్ లేదు.

సప్లిమెంట్ల గురించి ఇక్కడే చెప్పుకోవాలి. క్రియేటిన్ రోజుకి 3 నుంచి 5 గ్రాములు బరువులెత్తేవాడికి, 100 మీటర్లవాడికి పనికొస్తుంది. 1600కి లాభం తక్కువ, నీరు పట్టి కిలో, కిలోన్నర బరువు పెరిగితే అది కూడా మోయాలి. ర్యాలీ ముందు రాత్రి నొప్పి ఇంజక్షన్, దమ్ము ఇంజక్షన్ అని చెవిలో చెప్పేవాళ్లు ప్రతి గ్రౌండ్ దగ్గరా ఉంటారు. ఉక్కపోతలో నొప్పి మందులు వేసుకుని, నీళ్లు చాలని ఒంటితో గట్టిగా పరుగెత్తితే కిడ్నీలు దెబ్బతింటాయి. దీనిలో బేరం లేదు.

ఫలితం

ఏడో వారం చివర, పట్టుబడి అలసట తీరాక: 86, 91, 93, 88, 5:58. పదో వారం: 82, 84, 85, 80, 5:31. పన్నెండో వారం, ముందు రోజు వాన పడి గాలి చల్లగా ఉన్న ఉదయం: 81, 83, 84, 80, 5:28. గుండె 145 దగ్గర నెమ్మది పరుగు కిలోమీటరుకి 7:00 నుంచి 6:05కి వచ్చింది. లేచినప్పటి నాడి 58. బరువు 58.1.

ఈ 46 సెకన్లలో మొదటి పది వేగం పంచుకోవడం, ఉదయం తిండి వల్ల వచ్చాయని రెండో వారం పరీక్ష చూపిస్తోంది. మిగతా 36లో తిండి వాటా ఎంత, ప్రాక్టీస్ వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అని విడదీయడానికి ఒక్క కుర్రాడి లెక్క చాలదు. ఆక్సిజన్ వాడకాన్ని ల్యాబులో కొలవలేదు. చివరి పరీక్ష రోజు చల్లదనం కూడా రెండు మూడు సెకన్లు ఇచ్చి ఉంటుంది, కాబట్టి 5:31నే అతని అసలు టైముగా తీసుకుని, మామూలు ఉక్కలో 5:25 దాకా లాగాలని తర్వాతి నాలుగు వారాల ప్రాక్టీస్ రాశాం: మంగళవారం 400లు 81కి, శుక్రవారం 600 మీటర్లు నాలుగు, 2:04 నుంచి 2:06కి. ర్యాలీలో ఇంకో పరీక్షైన పుల్లప్స్ ఆరు దగ్గరే ఆగిపోయాయి, వాటికి వేరే లెక్క మొదలైంది.